బీపీ దిగట్లేదా? రాత్రి గురక సంగతి చూడండి

‘‘గోలీలు రెండు నుంచి మూడైనయ్ సార్. ఉప్పు తగ్గించిన. అయినా బీపీ దిగుతలేదు.’’ మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి ఓపీకి వచ్చే నడివయసు మగవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాం. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారని, కిడ్నీలు బాగానే ఉన్నాయని తేలాక నేను వెంట వచ్చిన భార్యను అడుగుతాను, రాత్రి గురక పెడతారా అని. ‘‘గురకనా సార్, పక్క గదిలకు వినపడతది’’ అని నవ్వుతారు. మధ్యలో గురక టక్కున ఆగిపోతుందా అని అడిగితే మాత్రం ఆ నవ్వు పోతుంది. ‘‘అవును సార్. ఊపిరి తీస్తుండా లేదా అని భయమైతది. భుజం పట్టి కదుపుత.’’

మన ఇళ్లలో గురక అంటే ఆదమరచి నిద్రపోవటమనే లెక్క. పగలంతా కష్టపడ్డాడు, హాయిగా పడుకున్నాడు అనుకుంటాం. నిజానికి గురక మధ్యలో ఊపిరి ఆగేవారికి హాయైన నిద్ర ఉండదు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి వాలుతుంది. గాలి దారి సన్నబడితే గురక, పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగటం. పది సెకన్లు, కొన్నిసార్లు అర నిమిషం పైనే. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద గుర్రుతో గాలి లోపలికి వెళుతుంది, మళ్లీ నిద్ర పడుతుంది. ఆ మెలకువ క్షణాలే కాబట్టి పొద్దున్నే ఏదీ గుర్తుండదు. ఊపిరి ఇలా ఆగటమో, బాగా తగ్గిపోవటమో గంటకు 30 సార్లు దాటితే సమస్య తీవ్రంగా ఉన్నట్టు. అంటే రెండు నిమిషాలకోసారి. ఏడు గంటల నిద్రలో 200 సార్లకు పైనే!

గుండెకు రాత్రి సెలవు ఉండదు

మామూలుగా నిద్రలో రక్తపోటు 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు, రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. ఊపిరి ఆగిన ప్రతిసారీ మాత్రం శరీరం ప్రమాదంలో పడినట్టే స్పందిస్తుంది. అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఎగదన్నుతాయి, నాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. రోజూ రాత్రంతా ఇలాగే సాగితే ఆ బిగువు పగలు కూడా వదలదు. మూడు రకాల మాత్రలకూ లొంగని బీపీ వెనక తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి.

మూసుకుపోయిన గొంతుతో గాలి కోసం ఛాతీ గట్టిగా లాగినప్పుడు గుండె గోడలు సాగుతాయి. పై గదులు ఏళ్ల తరబడి ఇలా సాగితే గుండె లయ తప్పొచ్చు. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అలాంటి గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఇంకో సంగతి. గుండె సాగినప్పుడు ఒంట్లో నీరు ఎక్కువైందని పొరబడి, ఆ నీటిని బయటికి పంపే హార్మోన్‌ను వదులుతుంది. అందుకే వీళ్లు రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు. షుగరేమో, ప్రోస్టేటేమో అని పరీక్షలన్నీ తిరుగుతారు గానీ గురక మాట ఎవరూ ఎత్తరు.

ఆకస్మిక గుండె మరణాలు సాధారణంగా ఉదయం వేళ ఎక్కువ. స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో అవి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు లోపు ఎక్కువగా జరిగినట్టు అమెరికాలోని మయో క్లినిక్ వైద్యులు 2005లోనే గుర్తించారు. మన ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సినిమాలకు సంగీతమిచ్చిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయనకు ఇతర ఆరోగ్య సమస్యలూ ఉన్నాయి. మరణానికి కారణంగా వైద్యులు చెప్పింది మాత్రం స్లీప్ ఆప్నియానే. ఇదేదో అరుదైన జబ్బు అనుకోవద్దు. మన దేశంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి ఇది ఉండొచ్చని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల విశ్లేషణ అంచనా వేసింది.

స్టీరింగ్ పట్టుకునేవాళ్లు

మా వైపు దీన్ని ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, రెండింటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. రాత్రీ పగలూ లారీలు, క్యాబ్‌లు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ దాకా తిరిగే కంపెనీ బస్సులు. షిఫ్టుల పని స్లీప్ ఆప్నియాను తెచ్చిపెట్టకపోయినా నిద్రను కోస్తుంది, బరువు పెంచుతుంది. పైగా రాత్రి ఊపిరి ఆగేవారికి పగలు కూర్చున్నచోటే రెప్పలు వాలతాయి. సోఫాలో వాలితే ఇబ్బంది లేదు, స్టీరింగ్ ముందు వాలితేనే ప్రమాదం. కంపెనీ మెడికల్ క్యాంపుల్లో షుగరు, కంటిచూపు చూస్తారు. డ్రైవర్లను గురక గురించి కూడా అడిగి, టేపుతో మెడ కొలిస్తే ఖర్చేమీ కాదు. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. పగలు మత్తుగా తూగేవారు చికిత్సతో కుదుటపడేదాకా బండి నడపకూడదు.

లావుగా ఉన్నవారికే వస్తుందన్నది సగం నిజం. దవడ చిన్నగా, వెనక్కి ఉంటే సన్నగా ఉన్నవారికీ వస్తుంది. ఆడవాళ్లలో నెలసరి నిలిచాక పెరుగుతుంది. గురక పెడతామని చెప్పుకోవటానికి వాళ్లకు మొహమాటం. పొద్దున్నే తలనొప్పి, తీరని నీరసం, నిద్ర సరిగా పట్టకపోవటం అని మాత్రమే చెబుతారు.

నిర్ధారణకు స్లీప్ స్టడీ చేస్తారు. అవసరాన్ని బట్టి ఆసుపత్రిలో ఒక రాత్రి, లేదా ఇంట్లోనే చిన్న పరికరంతో. చేతి వాచీ ఇచ్చే నిద్ర మార్కులు నిర్ధారణకు పనికిరావు. సమస్య ఒక మోస్తరుకు మించితే సీపాప్ యంత్రం వాడాలి. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే ఈ పద్ధతిని 1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివాన్ ప్రపంచానికి చూపించారు. దీంతో పగటి మత్తు బాగా తగ్గుతుంది, బీపీ కొంత దిగుతుంది. అయితే అప్పటికే గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవారి మీద చేసిన పెద్ద అధ్యయనంలో, 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, సీపాప్ వల్ల గుండెపోట్లు తగ్గలేదు. అందులో పాల్గొన్నవారు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే. కాబట్టి యంత్రం వచ్చిందని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు మానొద్దు. పెట్టుకుంటే రాత్రంతా పెట్టుకోండి. మొదటి రెండు వారాలు చిరాకుగానే ఉంటుంది. మాస్కు సైజు మారిస్తే చాలామందికి సర్దుకుంటుంది.

బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగటాలు దాదాపు పావు వంతు తగ్గుతాయి. కొందరికి పక్కకు తిరిగి పడుకున్నా మేలే. నిద్ర పట్టటానికని పెగ్గు వేయటం, సొంతంగా నిద్రమాత్రలు కొనటం మానాలి. రెండూ గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి.

అనుమానం ఉంటే ఇంట్లోవాళ్లు రాత్రి ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి, వాడుతున్న మందులతో పాటు తెచ్చి డాక్టరుకు చూపించండి. మోకాలి మార్పిడో, పిత్తాశయం ఆపరేషనో చేయించుకోవాల్సి వస్తే మత్తు ఇచ్చే డాక్టరుకు గురక సంగతి ముందే చెప్పండి. సీపాప్ వాడుతుంటే ఆ యంత్రాన్నీ వెంట తీసుకెళ్లండి.