కోట తలుపు తీసే కాంతి

సైన్యం సిద్ధంగా ఉంది. చేతిలో ఆయుధాలున్నాయి. శత్రువెవరో తెలుసు. కానీ కోటలోకి దారే లేదు! క్యాన్సర్‌పై పోరులో కార్-టి కణాల పరిస్థితి ఇదే.

రోగి రక్తంలోంచి టి-కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా వాటి జన్యువుల్ని మార్చి, కోట్లలో పెంచి తిరిగి ఎక్కించడమే కార్-టి చికిత్స. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాప మొండికేసిన లుకేమియా నుంచి బయటపడింది దీనితోనే. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన నెక్స్‌కార్‌19కి 2023లో మన దేశంలోనూ అనుమతి దొరికింది.

అయితే ఈ విజయాలన్నీ రక్త సంబంధ క్యాన్సర్లలోనే. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం... మన దగ్గర ఎక్కువగా కనిపించేవి గట్టి కణితులు. వాటిలో పీచులాంటి పదార్థం గోడలా అల్లుకుని ఉంటుంది. లోపల ఒత్తిడీ ఎక్కువే. దాంతో టి-కణాలు చాలావరకు బయటే ఆగిపోతాయి. ఎలాగోలా లోపలికి చేరినవీ నీరసించిపోతాయి.

మరి తలుపు తీసేదెవరు? కాంతి!

కాంతితో వైద్యం కొత్తేమీ కాదు. చర్మ క్షయను కాంతితో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ వచ్చింది. దాన్ని కార్-టికి జోడిస్తే ఎలా ఉంటుందో 2019లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల్లో పరీక్షించారు. కంటి వైద్యులు రక్తనాళాల్ని చూసేందుకు వాడే ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును సూక్ష్మ రేణువుల్లో నింపి, మెలనోమా కణితిలోకి ఎక్కించారు. పైనుంచి పరారుణ కాంతిని ప్రసరింపజేశారు. రంగు ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కింది. కణితి మొత్తాన్నీ కాల్చేసేంత కాదు, ఓ మోస్తరుగా. ఆ వెచ్చదనానికి కొన్ని క్యాన్సర్ కణాలు చనిపోయాయి. గోడ సడలింది. ఒత్తిడి తగ్గింది, రక్తప్రసరణ పెరిగింది. రక్షణ కణాల్ని రారమ్మని పిలిచే రసాయనాలూ వెలువడ్డాయి. అప్పుడు ఎక్కించిన టి-కణాలు కణితిలోకి ఎక్కువగా చేరాయి. ఏ ఒక్క చికిత్సతోనో సాధ్యం కానంతగా కణితి పెరుగుదలకు అడ్డుకట్ట పడింది.

చిక్కులూ ఉన్నాయి. శరీరంలో లోతుకు వెళ్లేకొద్దీ కాంతి బలం తగ్గిపోతుంది. కాలేయం, క్లోమం లాంటి చోట్లకు సన్నటి ఫైబర్ల ద్వారా పంపాల్సిందే. కాంతి పడని చోటికి పాకిన క్యాన్సర్‌ను టి-కణాలే వెతికి పట్టుకోవాలి. అవి ఒక్కసారిగా విజృంభిస్తే తీవ్ర జ్వరం రావచ్చు, రక్తపోటు పడిపోవచ్చు.

అన్నిటికీ మించి, ఎలుకలో గెలిచిందంటే మనిషిలో గెలిచినట్టు కాదు. కాబట్టి దీన్ని నమ్ముకుని ఇప్పుడు నడుస్తున్న చికిత్సను ఆపడం ప్రమాదం. గట్టి కణితి ముందు నిస్సహాయంగా నిలబడ్డ సైన్యానికి మాత్రం ఓ దారి కనిపించింది. దాని వెంట మనిషి దాకా జాగ్రత్తగా నడవాల్సి ఉంది.