పాత కారుకి పాటల డిస్కు

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి హ్యూమ్ హైవే మీద దాదాపు 880 కిలోమీటర్లు. పిల్లలతో ఆగుతూ వెళ్తే పగలంతా పడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత కార్లలో కొన్నిటికి బ్లూటూత్ ఉండదు, పెన్‌డ్రైవ్ పెట్టే చోటూ ఉండదు. సీడీ ప్లేయర్ ఒక్కటే దిక్కు. ఫోన్‌లో ఘంటసాల, సుశీల పాటలు వందలున్నా ఆ కారు వరకు లేనట్టే. సరే అని డిస్కు రాసుకుంటే, ఒక కారులో చక్కగా మోగింది ఇంకో కారులో ‘ఎర్రర్’ అంటుంది. చాలాసార్లు తేడా అంతా పాటను డిస్కు మీద ఏ రూపంలో రాశామన్న దగ్గరే ఉంటుంది.

మొదటి రూపం ఆడియో సీడీ. 1980లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి ఖాయం చేసిన పద్ధతి. శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతనీ 16 బిట్ల సంఖ్యగా, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి చొప్పున రాస్తారు. గుణిస్తే సెకనుకి 14,11,200 బిట్లు. నాలుగు నిమిషాల పాట 42 మెగాబైట్లు తింటుంది. 80 నిమిషాలకి, అంటే సుమారు ఇరవై పాటలకి, డిస్కు నిండిపోతుంది. 

ఎంపీ3 దారి వేరు. పెద్ద శబ్దం మోగుతున్నప్పుడు దాని పక్కనున్న చిన్న శబ్దాలు మన చెవికి అందవు. అలా అందనివాటిని వదిలేసి మిగతాది దాస్తుంది. సెకనుకి 128 కిలోబిట్ల ఎంపీ3 అసలు పరిమాణంలో పదకొండో వంతే. దాన్ని ఆడియో సీడీగా మార్చినప్పుడు కంప్యూటర్ మళ్లీ 42 మెగాబైట్లకు విప్పుతుంది గానీ, వదిలేసిన ధ్వని తిరిగి రాదు. చెంబెడు నీళ్లు గంగాళంలో పోసినా చెంబెడే. ఇలాగే ధ్వనిని వదిలేసే ఏఏసీ ఫైలుని ఎంపీ3గా మారిస్తే నష్టం రెండోసారి కూడా జరుగుతుంది. పాత పాటల మీద ప్రేమ ఉన్నవాళ్లకి నా మాట ఒక్కటే: అసలు సీడీ ఇంట్లో ఉంటే దాన్నుంచే ఫ్లాక్‌గా ఎక్కించుకోండి, అందులో ఏదీ పోదు. వీడియోల నుంచి తీసిన పాటలు సాధారణంగా 48,000 కొలతల్లో ఉంటాయి. వాటిని 44,100కి మార్చాలి. డిస్కు రాసే ప్రోగ్రామే ఆ పని చూసుకుంటుంది.

రెండో రూపం డేటా డిస్కు. ఎంపీ3 ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే రాసేస్తాం. 128 కిలోబిట్లవైతే ఒక్క డిస్కులో దాదాపు 12 గంటల 48 నిమిషాల సంగీతం పడుతుంది. మెల్‌బోర్న్ చేరాక కూడా మిగులుతుంది. అయితే ప్లేయర్ ముఖం మీద ‘ఎంపీ3’ అని రాసి ఉండాలి. లేదంటే దానికి ఈ డిస్కు అర్థం కాదు.

ఇక్కడ మన భాషకే వచ్చే చిక్కు ఒకటుంది. ఫైలు పేరు తెలుగులో పెడితే డిస్కు మీద అక్షరాలు భద్రంగానే ఉంటాయి. కారు తెరలో మాత్రం తెలుగు అక్షరాలు ఉండవు కనుక, పేరుకు బదులు గళ్లో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. ఫైలు పేరు, లోపలి ట్యాగు రెండూ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాలి. పేరు ముందు 01, 02 అని వేయాలి. ఉత్త 1, 2 అని వేస్తే చాలా ప్లేయర్లు 1 తరవాత 10 పాడతాయి.

మరి చట్టం? ఆస్ట్రేలియాలో 2006 దాకా సొంత సీడీని కాపీ చేసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకునేది కాదు. ఆ ఏడాది డిసెంబరులో కాపీరైటు చట్టానికి 109ఏ సెక్షన్ చేర్చి, కొనుక్కున్న పాటను సొంత వాడకానికి ఇంకో రూపంలోకి మార్చుకోనిచ్చారు. ఆ కాపీని అమ్మకూడదు. స్ట్రీమింగ్ యాపుల్లో ‘డౌన్‌లోడ్’ చేసినవి తాళం వేసిన ఫైళ్లు. అవి డిస్కుకి ఎక్కవు.

ఇక డిస్కు. సీడీ-ఆర్ మీద ఉండే పల్చటి రంగు పొరను లేజరు వేడిచేసి గుర్తులు పెడుతుంది. చెరిపి రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ వెలుతురును చాలా తక్కువగా వెనక్కి పంపుతుంది. పాత కార్ల ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవలేవు, కాబట్టి కొనొద్దు. చివర్లో ‘ఫైనలైజ్’ నొక్కడం మరవకండి. రాసి మూయని డిస్కు కంప్యూటర్లో పాడినా కారులో పాడదు.

ఆ రంగు పొరకి ఎండ పడదు. 2022 జనవరి 13న పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆన్‌స్లోలో నీడపట్టునే 50.7 డిగ్రీలు నమోదైంది. అద్దాలు మూసిన కారులో వేడి ఇంకా ఎక్కువ. డిస్కులు డ్యాష్‌బోర్డు మీద వదలకండి, కవరులో పెట్టి గ్లవ్‌బాక్సులో ఉంచండి. పైన కాగితం లేబుల్ అంటించొద్దు: వేడికి జిగురు వదిలి, లేచిన కాగితం ప్లేయర్ లోపల ఇరుక్కుంటుంది. పేరు సీడీ మార్కరుతో రాస్తే చాలు.