ఉష్ణమండల తాళజాతి పంటలపై అసాధారణ శీతల ప్రభావం

కొబ్బరి, ఆయిల్ పామ్, వక్క వంటి తాళజాతి పంటలు ఏడాది పొడవునా వెచ్చగా ఉండే ప్రాంతాలకు చెందినవి. శీతాకాలంలో ఉష్ణోగ్రత కొన్ని రోజుల పాటు అసాధారణంగా పడిపోయినప్పుడు ఇవి బ్రతికి బయటపడగలవా అన్నది తోటల పెంపకంలో ముఖ్యమైన ప్రశ్న. ఆకులు మాడిన చెట్టు చనిపోయిందని నరికివేయడం ఎంత పొరపాటో, ఆకులు పచ్చగా ఉన్నాయి కనుక ప్రమాదం తప్పిందని భావించడమూ అంతే పొరపాటు. చెట్టు మనుగడను నిర్ణయించేది ఆకులు కాదు, మొవ్వు.

నష్టం జరిగే తీరు

చలి వలన కలిగే నష్టం రెండు విధాలు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు పైన ఉన్నప్పటికీ, తక్కువ ఉష్ణోగ్రత ఎక్కువ కాలం కొనసాగితే కణత్వచాల పనితీరు దెబ్బతిని, పెరుగుదల మందగిస్తుంది. ఆకులపై మచ్చలు ఏర్పడి క్రమంగా ఎండుతాయి. సున్నా కంటే దిగువకు పడిపోతే కణాంతర స్థలాలలో మంచు స్ఫటికాలు ఏర్పడి, కణాలలోని నీటిని వెలుపలికి లాగి వాటిని చంపుతాయి.

కొబ్బరి, ఆయిల్ పామ్ చెట్లకు కాండం చివర ఒకే ఒక పెరుగుదల మొగ్గ ఉంటుంది. అది చనిపోతే పక్క కొమ్మలు పుట్టి చెట్టు కోలుకునే అవకాశం లేదు. కాండంలో కేంబియం లేనందున దెబ్బతిన్న దారు నాళాల స్థానంలో కొత్తవి ఏర్పడవు. అందుచేత శీతాకాలంలో ఆరోగ్యంగా కనిపించిన చెట్టు కూడా వేసవిలో నీటి అవసరం పెరిగినప్పుడు తలవాల్చి చనిపోవచ్చు.

ఫ్లోరిడా అనుభవం

2010 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో సుమారు రెండు వారాల పాటు తీవ్రమైన చలి కొనసాగింది. రాష్ట్ర దక్షిణ భాగంలోని కొబ్బరి చెట్ల ఆకులు సైతం మాడిపోయాయి. ఒక్క రాత్రి చలి కంటే ఎడతెరిపి లేని చలి ఎక్కువ హాని చేస్తుందని, మొవ్వు సజీవంగా ఉన్న చెట్టు ఆకులన్నీ కోల్పోయినా తిరిగి చిగురించగలదని ఇటువంటి సందర్భాలు తెలుపుతున్నాయి.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

కోస్తా జిల్లాలలో సముద్ర ప్రభావం వలన కొబ్బరికి మంచు ముప్పు లేదు. ఉత్తర తెలంగాణ పరిస్థితి వేరు. ఆదిలాబాద్ ప్రాంతంలో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రతలు 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు చేరడం తెలిసిన విషయమే. ఆయిల్ పామ్‌కు 22-24 డిగ్రీల కనిష్ఠ ఉష్ణోగ్రత అనుకూలం. కనుక సాగు కొత్త ప్రాంతాలకు విస్తరిస్తున్న తరుణంలో చెట్టు బ్రతుకుతుందా అన్న ప్రశ్నతో పాటు గెలల దిగుబడి నిలుస్తుందా అన్న ప్రశ్ననూ పరిశీలించాలి. పూగుత్తులు బయటకు కనిపించడానికి చాలా నెలల ముందే మొవ్వులో రూపొందుతాయి. అందువలన చలి ప్రభావం దిగుబడిపై ఆలస్యంగా వ్యక్తం కావచ్చు.

యాజమాన్యం

* చలి తీవ్రమయ్యే సూచన ఉన్నప్పుడు లేత తోటలకు ముందుగా తేలికపాటి తడి ఇవ్వాలి. తేమగల నేల పగటి వేడిని ఎక్కువగా నిల్వ చేసి రాత్రి విడుదల చేస్తుంది.
* పొటాష్ లోపం ఉన్న చెట్లు చలికి త్వరగా లొంగుతాయి. కనుక సమతుల పోషణ ముందునుంచే అవసరం.
* మాడిన ఆకులను చలికాలం ముగిసే వరకు తొలగించరాదు. అవి మొవ్వుకు కొంత రక్షణనిస్తాయి.
* మొవ్వాకును మృదువుగా లాగి పరీక్షించాలి. అది సులభంగా ఊడివచ్చి దుర్వాసన వెలువడితే, కుళ్ళిన భాగాన్ని తొలగించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణంతో ఆ భాగాన్ని తడపాలి. దెబ్బతిన్న కణజాలంలో శిలీంధ్రాలు, బాక్టీరియా త్వరగా ప్రవేశిస్తాయి.

మొవ్వు పూర్తిగా కుళ్ళని చెట్టును వేసవి ముగిసే వరకు గమనించిన పిమ్మటనే తొలగించాలా, ఉంచాలా అన్నది నిర్ణయించడం శ్రేయస్కరం.