చూపు లేనప్పుడు మెదడు ఏం చేస్తుంది?



బిలాస్‌పూర్ పక్కనున్న సిర్గిట్టిలో, రైలు పట్టాలకు దగ్గరి ఇళ్ళలో పెరిగిన తెలుగు పిల్లలకు ఒక విద్య తెలియకుండానే అబ్బుతుంది. రాత్రివేళ కరెంటు పోయి ఇల్లంతా చీకటైనప్పుడు, గూడ్సు బండి బొగ్గుతో నిండి వెళ్తోందో, ఖాళీ వ్యాగన్లతో వెళ్తోందో చప్పుడును బట్టే చెప్పేస్తారు. ఇంట్లో అమ్మ ఏ దీపమూ లేకుండానే గూట్లోని అగ్గిపెట్టెను చేత్తో తడిమి తీస్తుంది. చెవి, చేయి కాసేపు కంటి పని చేస్తాయన్నమాట.

మనకైతే కరెంటు తిరిగి వస్తుంది. పుట్టుకతోనే చూపు లేనివారి మాటేమిటి? వారి మెదడులో చూపు కోసం ఏర్పడిన భాగం జీవితాంతం పనిలేకుండా పడి ఉంటుందా? ఈ పాఠంలో ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకుందాం.

చూసేది కన్నా, మెదడా?

కంటిలో పడిన కాంతిని నేత్రపటలం నాడీ సంకేతాలుగా మారుస్తుంది. ఒక్కొక్క కంటి నుంచి దాదాపు 10 లక్షల తంతువులున్న దృక్‌నాడి ఆ సంకేతాలను మెదడుకు చేరవేస్తుంది. అవి చివరకు తల వెనుక భాగంలో ఉన్న దృశ్య వల్కలానికి చేరుతాయి. గీత, రంగు, కదలిక, ముఖం అనే అర్థాలు ఏర్పడేది అక్కడా, దాని చుట్టుపక్కల భాగాలలోనూ. కన్ను కెమెరా వంటిదనుకుంటే, బొమ్మను అర్థం చేసుకునేది మెదడే.

కాబట్టి కన్ను పనిచేయకపోయినా దృశ్య వల్కలంలోని నాడీకణాలు జీవించే ఉంటాయి. వాటికి కంటి నుంచి వచ్చే సమాచారం మాత్రమే ఆగిపోతుంది.

ఖాళీగా ఉండని గది

ఉమ్మడి కుటుంబంలో ఒక గది ఖాళీ అయితే ఎన్నాళ్ళు అలాగే ఉంటుంది? పక్క గదిలోని వారు దానిని వాడుకోవడం మొదలుపెడతారు. మెదడులోనూ ఇలాగే జరుగుతుంది.

బ్రెయిలీ లిపి సంగతి మీకు తెలుసు. మూడేళ్ళ వయసులో జరిగిన ప్రమాదం వల్ల చూపు కోల్పోయిన లూయీ బ్రెయిలీ 1824లో ఆరు చుక్కల ఈ లిపిని రూపొందించాడు. చిన్నతనం నుంచి అంధులైనవారు దీనిని వేళ్ళతో చదువుతుండగా శాస్త్రవేత్తలు వారి మెదడును స్కాన్ చేశారు. 1996లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, స్పర్శకు సంబంధించిన భాగాలతో పాటు దృశ్య వల్కలం కూడా చురుకుగా పనిచేస్తోంది!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఆ భాగం నిజంగా చదవడానికి తోడ్పడుతోందా, లేక ఊరికే స్పందిస్తోందా? దీనిని తేల్చడానికి 1997లో మరో ప్రయోగం జరిగింది. తల వెనుక అయస్కాంత స్పందనలు ఇచ్చి దృశ్య వల్కలం పనికి కొద్ది క్షణాలు అంతరాయం కలిగించారు. చిన్ననాటి నుంచి అంధులైనవారు బ్రెయిలీ చదవడంలో తప్పులు చేశారు. చూపున్నవారిలో ఇలాగే అంతరాయం కలిగిస్తే, ఉబ్బెత్తు అక్షరాలను వేళ్ళతో గుర్తించడానికి అలాంటి ఆటంకమేమీ రాలేదు. అంటే అంధులలో ఆ భాగం నిజంగానే చదువుకు తోడ్పడుతోంది.

2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక రోగి కథ దీనిని మరింత బలపరిచింది. పుట్టుకతో అంధురాలైన ఆమె బ్రెయిలీ చదవడంలో నిపుణురాలు. పక్షవాతం వచ్చి మెదడు వెనుక భాగం రెండు వైపులా దెబ్బతిన్నది. ఆ తరువాత కాగితం మీద చుక్కలున్నాయని వేలికి తెలుస్తూనే ఉంది కానీ, వాటిని అక్షరాలుగా చదవలేకపోయింది.

స్పర్శ ఒక్కటే కాదు. పుట్టుకతో అంధులైనవారిలో మాటలను అర్థం చేసుకునేటప్పుడు, జ్ఞాపకం చేసుకునేటప్పుడు కూడా ఈ భాగం పనిచేస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. నాలుకతో టిక్కుమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఉన్న వస్తువును పసిగట్టే అంధులు కొందరున్నారు. వారి మెదడులో ఆ ప్రతిధ్వనులకు దృశ్య వల్కలం స్పందిస్తుందని 2011లో తేలింది.

ఐదు రోజుల గంతలు

చూపున్నవారి కళ్ళకు గంతలు కడితే ఏమవుతుంది? 2008లో ప్రచురితమైన ప్రయోగంలో కొందరికి ఐదు రోజులపాటు రాత్రింబవళ్ళు గంతలు కట్టి, బ్రెయిలీలో శిక్షణ ఇచ్చారు. ఐదో రోజుకు వారి దృశ్య వల్కలం స్పర్శకు స్పందించసాగింది. గంతలు విప్పిన 24 గంటలలో ఆ స్పందన మాయమైంది.

ఐదు రోజులలో మెదడులో కొత్త దారులు వేయడం సాధ్యమా? కాదు. స్పర్శను, వినికిడిని దృశ్య భాగంతో కలిపే దారులు ముందే సన్నగా ఉన్నాయి. చూపు రద్దీ తగ్గగానే అవి వాడుకలోకి వచ్చాయి. మెదడులోని ఒక భాగం పూర్తిగా కొత్త అవతారం ఎత్తదనీ, ఉన్న సామర్థ్యమే అభ్యాసంతో పదునెక్కుతుందనీ కొందరు శాస్త్రవేత్తలు 2023లో గట్టిగా వాదించారు. ఈ చర్చ ఇంకా సాగుతోంది.

అభ్యాసం అన్న మాటను గుర్తుంచుకోండి. "గుడ్డివాళ్ళకు దేవుడు చెవులు ఎక్కువిచ్చాడు" అంటుంటారు. అది నిజం కాదు. వారి చెవి మన చెవి వంటిదే. విన్నదాని నుంచి ఎక్కువ సమాచారం రాబట్టడం వారు సాధనతో నేర్చుకున్నది.

వయసుతో ముడిపడిన సంగతి

హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లి కూనలకు పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచారు. తరువాత తెరిచినా, ఆ కంటి సంకేతాలను దృశ్య వల్కలం దాదాపు పట్టించుకోలేదు. పెద్ద పిల్లులలో ఇలా జరగలేదు. దృశ్య వ్యవస్థపై పరిశోధనలకు వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది. చూపు నేర్చుకోవడానికి ఒక కీలక దశ ఉంటుందని దీనివల్ల తెలిసింది.

మరి ఆ దశ దాటిన పిల్లల సంగతి? మన దేశంలోనే దీనికి కొంత సమాధానం దొరికింది. ఆచార్య పవన్ సిన్హా ఢిల్లీలో చేపట్టిన 'ప్రాజెక్ట్ ప్రకాశ్' ద్వారా, పుట్టుకతో శుక్లాలు వంటి లోపాలున్న పిల్లలకు శస్త్రచికిత్సలు జరిగాయి. 8 నుంచి 17 ఏళ్ళ వయసున్న ఐదుగురిని చికిత్స జరిగిన వెంటనే పరీక్షించారు. చేత్తో తడిమిన వస్తువు ఏదో కంటితో చూసి గుర్తుపట్టలేకపోయారు. కొద్ది రోజులు గడిచాక గుర్తుపట్టసాగారు. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. చూపులోని సూక్ష్మత వీరికి పూర్తిగా రాకపోయినా, రోజువారీ పనులకు ఉపయోగపడే చూపు వస్తుంది. ఆలస్యమైతే నష్టమే, అయినా ఆశ వదులుకోనక్కరలేదు.

మసక చూపు

కొందరిలో నేత్రపటలం నడిమి భాగం దెబ్బతిని, పక్క చూపు మాత్రం మిగులుతుంది. వీరి మెదడు క్రమంగా నేత్రపటలంలోని మరో ఆరోగ్యకరమైన చోటును చూడటానికి వాడుకుంటుంది. దీనికి శిక్షణ, భూతద్దాలు తోడ్పడతాయి. 1987లో హైదరాబాదులో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఇలాంటి వారికి పునరావాస సేవలున్నాయి.

చూపు తగ్గిన వృద్ధులలో కొందరికి లేని మనుషులు, పూలు, బొమ్మలు కనిపిస్తాయి. సమాచారం అందని మెదడు తానే దృశ్యాలను కల్పించుకుంటుంది. షార్ల్ బొనే 1760లో తన తాతగారిలో గమనించి దీనిని వర్ణించాడు. మీ ఇంట్లో తాతగారు ఇలా చెబితే మతి పోయిందని నవ్వకండి. డాక్టరుకు చూపించండి.

మనం చేయవలసింది

విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు బిలాస్‌పూర్ వచ్చిన కుటుంబాలకు ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పేరు కొత్త కాదు. చిన్ననాటి నుంచి చూపు మందగించిన ఆయన వయొలిన్ విద్వాంసుడై, విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రోజుల్లో చూపు లేనివారికి సంగీతమే తగిన దారి అనుకునేవారు.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో పుట్టిన అంధుడు శ్రీకాంత్ బొల్లా సైన్సు చదువుతానంటే, పదో తరగతి తరువాత నిబంధనలు అడ్డొచ్చాయి. ఆయన కోర్టుకు వెళ్ళి అనుమతి సంపాదించి, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివారు. 2012లో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించారు.

ఆయన మెదడు సైన్సుకు సిద్ధంగానే ఉంది, అడ్డుపడింది నిబంధన. ఈ పాఠం సారాంశం ఇదే. మెదడు తనంతట తాను అన్నీ సర్దుకోదు. దానికి పని అందించాలి. చూపు లేని పసిపిల్లను "దానికేం తెలుస్తుంది" అని మూలన కూర్చోబెడితే, ఖాళీ అయిన గదిలోకి ఎవరూ రారు. అదే పిల్లకు తొలి ఏళ్ళలోనే మాటలు, వస్తువులు, బ్రెయిలీ అందిస్తే ఆ గది నిండుతుంది.

పసిబిడ్డ నల్లగుడ్డు మధ్య తెల్లగా కనిపిస్తే, ఒక్క వారమైనా ఆగకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళమని చెప్పండి. ఈ మాట మీ వీధిలో నలుగురికి చెప్పినా ఈ పాఠం ఫలించినట్లే.

ఆలోచించండి

1. అంధుల దృశ్య వల్కలం చదవడానికి నిజంగా తోడ్పడుతోందని ఏ రెండు ఆధారాలు చెబుతున్నాయి?

2. గంతలు విప్పగానే ఆ మార్పు ఎందుకు మాయమై ఉంటుంది?

3. ఇవాళ రాత్రి పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. ఎన్ని శబ్దాలను, ఏ దిక్కు నుంచి వస్తున్నాయో గుర్తించి రాయండి. వారం రోజులు ఇలాగే చేసి, మొదటి రోజు జాబితాతో పోల్చి చూడండి.