పాత కంప్యూటర్‌కు ర్యామ్ పెంచుతున్నారా? కొనే ముందు ఇవి చూసుకోండి

గురజాలలోనో, మాచర్లలోనో ఒక ఇల్లు అనుకుందాం. ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన పాత డెస్క్‌టాప్‌ను అబ్బా సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చారు. ఇంటర్ చదివే అమ్మాయి దాని మీద ఈఏపీసెట్ మాక్ టెస్టులు రాస్తోంది. అసలు పరీక్ష కూడా కంప్యూటర్ మీదే కాబట్టి ఆ అలవాటు అవసరం. కానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, సిస్టమ్ బిగుసుకుపోతోంది. ‘ర్యామ్ వేయించండి, సరిపోతుంది’ అని ఎవరో చెప్పారు. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది తెప్పించారు. తీరా చూస్తే అది స్లాట్‌లో దిగలేదు. ఇంకొందరికి దిగుతుంది గానీ స్క్రీన్ వెలగదు. డబ్బు పోయింది, పరీక్ష దగ్గరపడింది.

ఇలాంటి నష్టం తప్పాలంటే కొనే ముందు ఒక్క పావుగంట కేటాయిస్తే చాలు.

ముందు జబ్బు ఏమిటో చూడాలి

సిస్టమ్ నెమ్మదించిన ప్రతిసారీ కారణం ర్యామే కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. రోజూ చేసే పని చేస్తూ అందులో చూడండి. మెమరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. మెమరీ సగమే వాడుతున్నా డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే ఉంటే, అసలు జబ్బు పాత హార్డ్ డిస్క్‌ది. అప్పుడు ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటేనే తేడా తెలుస్తుంది.

విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది కూడా సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ పేజీలో చూసుకోవాలి. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. దాని మీద 8 జీబీ వేయించినా మిగతాది ఉత్తదే.

డీడీఆర్‌లో ఎన్నో తరం?

డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని బదులు మరొకటి పనిచేయవు. ఒక్కో తరానికి కింది అంచున ఉండే గాటు ఒక్కో చోట ఉంటుంది. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. దిగకపోతే బలవంతంగా నొక్కకండి, స్లాటే విరుగుతుంది.

ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో రెండు, మూడో తరాలకు డీడీఆర్3 వాడతారు. నాలుగో తరానిదీ అదే కుటుంబం. ఆరు, ఏడు తరాల్లో బోర్డును బట్టి డీడీఆర్4 గానీ, డీడీఆర్3ఎల్ గానీ ఉండొచ్చు. అందుకే ప్రాసెసర్ పేరు చూసి ఊహించడం కన్నా లోపల ఉన్న స్టిక్‌ను చూడటం మేలు. విప్పడం ఇష్టం లేకపోతే సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ర్యామ్ రకాన్నీ, మదర్‌బోర్డు మోడల్‌నూ చూపిస్తుంది.

స్టిక్కర్ చదవడం ఎలా?

పాత స్టిక్ మీద ‘4జీబీ పీసీ3-12800యు’ అని ఉందనుకోండి. పీసీ3 అంటే డీడీఆర్3. 12800 అంటే 1600 వేగం. చివరి అక్షరం చాలా ముఖ్యం. ‘యు’ డెస్క్‌టాప్‌ది, ‘ఎస్’ ల్యాప్‌టాప్‌ది, ‘ఆర్’ సర్వర్‌ది. వేగాలు వేరువేరుగా ఉన్న రెండు స్టిక్‌లు కలిపితే సాధారణంగా రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి.

‘పీసీ3ఎల్’ అని ఉంటే తక్కువ కరెంటుతో, అంటే 1.35 వోల్టులతో నడిచే రకం. మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి. నాలుగో తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లు 1.35 రకాన్నే ఒప్పుకుంటాయి. మామూలుది వేస్తే ఆన్ కూడా కాకపోవచ్చు. కొన్ని పలచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చే వీలే ఉండదు.

బోర్డు ఎంత మోయగలదు?

ప్రతి మదర్‌బోర్డుకూ ఒక హద్దు ఉంటుంది. ఉదాహరణకు హెచ్61 చిప్‌సెట్ బోర్డులకు రెండే స్లాట్లు, మొత్తం 16 జీబీ. అంతకన్నా పాత జీ41 బోర్డుల్లో 4 జీబీ స్టిక్ వేయాలంటే, రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే సాధారణంగా పనిచేస్తుంది. 8 చిప్‌లతో వచ్చే కొత్త రకం 4 జీబీని అవి గుర్తించవు. మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో వెతికితే హద్దు ఎంతో తెలుస్తుంది.

రెండు స్లాట్లూ ఖాళీ చేయగలిగితే ఒకటే 8 జీబీ కన్నా ఒకే రకం 4 జీబీలు రెండు వేయడం మంచిది. రెండూ జతగా పనిచేసి డేటా త్వరగా అందుతుంది.

మరీ చవక అయితే అనుమానించండి

ఆన్‌లైన్‌లో మరీ తక్కువకు దొరికే డీడీఆర్3లో కొన్ని ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొస్తాయి. ఆ మాట వివరాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటెల్ సిస్టమ్‌లో అవి నడవవు. సర్వర్ల నుంచి తీసిన ‘ఆర్’ రకం కూడా ఇలాగే చవగ్గా వస్తుంది, ఇంటి కంప్యూటర్‌లో పనిచేయదు.

నరసరావుపేట, గుంటూరులో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లినా, పాత స్టిక్‌ను పలచటి కవర్‌లో పెట్టి వెంట తీసుకెళ్లండి. బోర్డు మోడల్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. వీలైతే సిస్టమ్‌నే తీసుకెళ్లి అక్కడే వేయించి, ఆన్ చేయించి చూడండి. పనిచేయకపోతే మార్చి ఇస్తామన్న మాట బిల్లు మీద రాయించుకోండి. సరుకులో లోపం ఉంటే చెప్పి అమ్మాలన్నది ఇస్లాం నేర్పిన వ్యాపార మర్యాద. అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.

ఇంట్లోనే వేసుకునేవారు కరెంటు వైరు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, ఏదైనా లోహాన్ని తాకి, ఆ తర్వాతే స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి. క్లిప్పులు ‘టక్’ మనే దాకా సమానంగా నొక్కాలి. తర్వాత విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్‌తో ఒకసారి పరీక్షించుకోండి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకు ముందు ప్రాసెసర్లలో దాదాపు అన్నీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. ర్యామ్ పెంచినా ఈ సంగతి మారదు. అలాంటి సిస్టమ్‌కు లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేసుకుంటే చదువుకూ, ఆన్‌లైన్ దరఖాస్తులకూ ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. పనికొచ్చే వస్తువును పారేయడం ఎంత ఇస్రాఫో, పనికిరాని ర్యామ్ కొనడమూ అంతే.