యంత్రం ముందు విప్పుకున్న మనసు

అరవై ఏళ్ల క్రితం అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ‘ఎలీజా’ అనే కంప్యూటర్ ప్రోగ్రాంను తయారు చేశారు. దాని వివరాలు 1966లో ప్రచురితమయ్యాయి. మానసిక వైద్యుని ధోరణిలో అది మనిషితో సంభాషించేది. సంభాషణ అనడం కూడా ఎక్కువే. మనం టైపు చేసిన వాక్యంలో ఏదో ఒక మాటను పట్టుకొని, దానినే ప్రశ్నగా తిప్పి అడగడం దాని పని. ‘మా నాన్నగారంటే నాకు భయం’ అని రాస్తే, ‘మీ కుటుంబం గురించి మరికొంత చెప్పండి’ అన్న ధోరణిలో జవాబిచ్చేది. నాన్న అంటే ఎవరో, భయమంటే ఏమిటో దానికి తెలియదు. వైజెన్‌బామ్ దానిని తయారు చేస్తుండగా నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శికి ఈ సంగతి తెలుసు. అయినా ఒకనాడు ఆమె ఎలీజాతో నాలుగు మాటలు పంచుకోగానే, కాస్త గది బయటకు వెళ్లమని ఆయననే కోరారు!

ఆమెను అమాయకురాలని తీసిపారేయడానికి వీల్లేదు. 1944లోనే హైడర్, సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం తెరపై కదలాడే చిన్న చిత్రాన్ని చూపి, ఏం కనిపించిందని అడిగారు. చూసినవారిలో దాదాపు అందరూ ఒకరు బెదిరించారని, మరొకరు పారిపోయారని కథలే చెప్పారు. కదిలేదానిలో ఉద్దేశాన్ని, పలికేదానిలో మనసును వెతకడం మానవుని నైజం. స్టార్ట్ కాని మోటారు సైకిలును బతిమాలుకునేవారు మన వీధుల్లోనూ తక్కువేమీ కాదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్లిఫర్డ్ నాస్, ఆయన సహచరులు జరిపిన ఒక ప్రయోగం మరీ ముచ్చటైనది. ఒక కంప్యూటరు ద్వారా కొందరికి పాఠం చెప్పించారు. పిదప ‘పాఠం ఎలా ఉంది?’ అని కొందరిని ఆ కంప్యూటరు చేతనే, మరికొందరిని వేరే కంప్యూటరు చేత అడిగించారు. పాఠం చెప్పిన కంప్యూటరే అడిగినప్పుడు జవాబులు మెత్తబడ్డాయి; వేరొకటి అడిగినప్పుడు లోపాలు బయటికి వచ్చాయి. అతిథి ముఖం మీద వంటకు వంక పెట్టని మర్యాద వంటిదే ఇది. యంత్రం పట్ల మర్యాద చూపారా అని అడిగితే మాత్రం వారు ఒప్పుకోలేదు.

జపానులో ఈ అనుబంధం మరింత దూరం వెళ్లింది. సోనీ సంస్థ 1999లో ‘ఐబో’ అనే మర కుక్కను విడుదల చేసి, 2006లో తయారీని, 2014లో మరమ్మతు సేవలను నిలిపివేసింది. ఆ తరువాత చిబా రాష్ట్రంలోని ఇసుమి పట్టణంలో ఒక బౌద్ధాలయం ఈ కుక్కలకు అంత్యక్రియలు జరిపించింది. వరుసగా పేర్చిన బొమ్మల మెడలో అవి ఏ ఊరివో, ఏ కుటుంబానివో తెలిపే చీటీలు వేలాడాయి. ప్రాణం పోసేవాడు అల్లాహ్ ఒక్కడేనని విశ్వసించే మనకు ఆ కర్మకాండ మింగుడుపడదు. అయినా ఆ చీటీలు కట్టిన చేతుల వెనుక ఉన్న ఒంటరితనాన్ని చూసి నవ్వలేము.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసినది 2014లో వెలువడిన ఒక అధ్యయనం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తెరపై కనిపించే ‘ఎల్లీ’ అనే కల్పిత మహిళ చేత మనుషులను ప్రశ్నలు అడిగించారు. ఎల్లీని వెనుక నుంచి ఒక వ్యక్తి నడిపిస్తున్నారని కొందరికి చెప్పారు, అది తనంతట తానే నడిచే యంత్రమని మరికొందరికి చెప్పారు. వెనుక ఎవరూ లేరని నమ్మినవారే తక్కువ జంకుతో మాట్లాడారు, వారి ముఖాల్లోనే దుఃఖం ఎక్కువగా వ్యక్తమైంది. యంత్రం ఎక్కువ ప్రేమ చూపినందువల్ల కాదిది. తమను తూకం వేసే మనిషి అక్కడ లేడన్న ధీమా వల్ల!

ఈ ఫలితం మన ఇళ్లకు సూటిగా తగులుతుంది. ఇంటర్‌లో తప్పిన కుర్రాడు, అత్తవారింట్లో ఇమడలేకపోతున్న ఆడబిడ్డ, నమాజులో మనసు నిలవడం లేదని లోలోపల కుమిలే యువకుడు ఎవరితో చెప్పుకోవాలి? చెబితే ముందు మందలింపు, వెనువెంటనే ఉపదేశం, ఆ పైన ఊరంతా చాటింపు. మజ్లిస్‌లో విన్న మాట అమానత్ అని పిల్లలకు నేర్పేది మనమే. పెళ్లి విందులో పక్క కుర్చీలోని ఖాలా చెవిన ఆ మాట వేసేదీ మనమే. ఫోను ఆ పని చేయదు. పిల్లలు దానివైపు మొగ్గడంలో వింతేముంది?

అయితే ఫోను ఎవరికీ చెప్పదన్నది సగం నిజమే. ఇటువంటి సేవల్లో చాలావాటిలో మనం టైపు చేసిన మాటలు వాటిని నడిపే సంస్థల కంప్యూటర్లకు చేరతాయి. పైగా అడిగినవారి ఇష్టానికి తలూపే గుణం వీటిలో తరచుగా కనిపిస్తుంది. పొరపాటున ఉన్న కుర్రాడికి ‘నువ్వు చేసింది తప్పు బేటా’ అని భుజం మీద చేయి వేసి చెప్పే అబ్బాజాన్ స్థానాన్ని అది ఎలా భర్తీ చేయగలదు?

ఎల్లీని రూపొందించినవారు సైతం దానిని వైద్యురాలిగా తలపెట్టలేదు. మాటతీరు, ముఖకవళికలు గమనించి, కుంగుబాటు లక్షణాలను గుర్తించడంలో వైద్యులకు తోడ్పడటమే దాని ఉద్దేశం. ఆ తరువాత రోగిని చూడవలసింది మనిషే. మన పిల్లలు రాత్రివేళ దుప్పటి కింద తెరుచుకుంటున్న సంభాషణ యంత్రాల వెనుక అటువంటి వైద్యుడెవరూ కూర్చుని లేడు. పక్క గదిలో ఉన్నది మనమే.