మీకు తెలుసా? ఫ్రీటౌన్: బానిస సంకెళ్లు వదిలించుకున్నవాళ్లు కట్టుకున్న ఊరు

పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్ దేశానికి రాజధాని ఫ్రీటౌన్. ఊరి పేరులోనే స్వేచ్ఛ ఉంది. కానీ అక్కడివాళ్లకు ఆ స్వేచ్ఛ ఎవరూ ఊరికే ఇవ్వలేదు, తరతరానా అడిగి, కొట్లాడి తెచ్చుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించని ఆ ఊరి ముచ్చట్లు కొన్ని చూద్దాం.

● మొదటి ఊరు రెండేళ్లకే బూడిదైంది

1787లో లండన్ నుంచి సుమారు 400 మంది ఓడల్లో ఇక్కడికి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది లండన్ వీధుల్లో పనీ కూడూ లేక నలిగిపోయిన నల్లజాతివాళ్లు. బానిసత్వాన్ని ఎదిరించిన గ్రాన్‌విల్ షార్ప్ అండతో వచ్చారు కాబట్టి ఊరికి గ్రాన్‌విల్ టౌన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ నేల తెమ్నె జాతివాళ్లది. దిగీ దిగగానే వానలు పట్టుకున్నాయి, జ్వరాలతో చాలామంది పోయారు. 1789లో ఒక బ్రిటిష్ యుద్ధనౌక సిబ్బంది తెమ్నె పల్లెను తగలబెట్టారు. దానికి ప్రతీకారంగా అక్కడి పాలకుడు కింగ్ జిమ్మీ ఈ ఊరికి నిప్పు పెట్టించాడు.

● బూరుగు జాతి చెట్టు దగ్గర రెండో ఆరంభం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చేరితే విముక్తి అన్న మాట నమ్మి, యజమానుల నుంచి పారిపోయిన బానిసలు వేలమంది. యుద్ధం అయ్యాక వాళ్లను కెనడాలోని నోవా స్కోషియా చలిలో వదిలేశారు. ఇస్తామన్న భూమి చాలామందికి అందలేదు. వాళ్లలో ఒకరైన థామస్ పీటర్స్ ఆ ఫిర్యాదు పట్టుకుని నేరుగా లండన్ వెళ్లాడు. ఫలితంగా 1792 జనవరిలో 15 ఓడలు సుమారు 1,200 మందితో హాలిఫాక్స్ రేవు నుంచి బయల్దేరాయి. ఒడ్డున దిగినవాళ్లు అక్కడున్న మహావృక్షం దగ్గర ప్రార్థన చేసి ఊరికి పునాది వేశారని ఫ్రీటౌన్‌వాసులు చెప్పుకుంటారు. మన బూరుగుకు దగ్గరి జాతి అది. ఊరి నడిబొడ్డున నిలిచిన ఆ చెట్టు 2023 మే 24న గాలివానకు కూలిపోయింది.

● అమెరికా తొలి అధ్యక్షుడి బానిస ఇక్కడ తిరుగుబాటుదారు

హారీ వాషింగ్టన్ ఒకప్పుడు జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటులో బానిస. అక్కణ్నుంచి తప్పించుకుని, నోవా స్కోషియా మీదుగా ఫ్రీటౌన్ చేరాడు. ఊరిని నడిపే సియెరా లియోన్ కంపెనీ, పన్నులేని భూమి అని ముందు చెప్పిన మాట తప్పి శిస్తు కట్టమంది. 1800లో కొందరు తిరగబడి సొంత చట్టాలు రాసుకుని ఊళ్లో అతికించారు. సరిగ్గా అప్పుడే జమైకా నుంచి వెళ్లగొట్టబడిన మరూన్లు (పారిపోయి విడిగా బతికిన బానిసల సంతతి) ఓడలో వచ్చారు. వాళ్ల చేతే కంపెనీ ఆ తిరుగుబాటును అణిచివేయించింది. ఇద్దర్ని ఉరి తీశారు, హారీని నది అవతలి ఒడ్డుకు వెళ్లగొట్టారు.

● 1792లోనే ఆడవాళ్లకు ఓటు

కొత్త ఊరిలో కొన్ని కుటుంబాలకు ఒకరు చొప్పున ప్రతినిధుల్ని ఎన్నుకునేవారు. ఓటు ఇంటి పెద్దది. ఇంటి పెద్ద స్త్రీ అయితే ఓటు ఆమెదే. బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలు ఓటు వేయడానికి 1918 దాకా ఆగాల్సి వచ్చింది.

● మెకాలే తండ్రి ఇక్కడి గవర్నరే

మన దేశంలో ఇంగ్లీషు చదువుకు పెద్దపీట వేయాలని 1835లో సిఫారసు చేసిన థామస్ మెకాలే మనకు తెలుసు. ఆయన తండ్రి జకారీ మెకాలే 1790లలో ఫ్రీటౌన్ గవర్నరు. ఆయన హయాంలోనే 1794లో ఫ్రెంచి నౌకలు బ్రిటిష్ జెండాలు ఎగరేసుకుంటూ రేవులోకి వచ్చి ఊరిని దోచి కాల్చిపోయాయి.

● ఎత్తు, వయసు, ఒంటిమీది గుర్తులు

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అప్పట్నుంచి దాని నౌకాదళం సముద్రంలో పట్టుకున్న బానిస ఓడల్లో చాలావాటిని ఫ్రీటౌన్‌కే తెచ్చేవారు. అలా దిగినవాళ్లు ఎనభై వేలకు పైమాటే. ఒక్కొక్కరికీ పుస్తకంలో ఒక్కో వరుస: సంఖ్య, పేరు, ఆడా మగా, వయసు, అడుగులూ అంగుళాల్లో ఎత్తు, ఒంటిమీది పచ్చబొట్లో గాయపు మచ్చలో. పేరు మాత్రం గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా. విడుదలైనా పూర్తి స్వేచ్ఛ రాలేదు. మగవాళ్లలో చాలామందిని సైన్యంలో చేర్చుకున్నారు, పిల్లల్ని పని నేర్పే పేరుతో ఇళ్లల్లో పెట్టారు. ఆ పుస్తకాలు నేటికీ ఫ్రీటౌన్ ప్రభుత్వ దస్త్రాలయంలో ఉన్నాయి.

● పాతికేళ్లకు తల్లిని కలిసిన విద్యార్థి

అజాయి అనే యొరుబా కుర్రాణ్ని 1821లో బానిసల వేటగాళ్లు ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాది నౌకాదళం విడిపించి ఫ్రీటౌన్‌లో దించింది. 1827లో మొదలైన ఫురా బే కళాశాలలో తొలి విద్యార్థుల్లో అతనొకడు. శామ్యూల్ అజాయి క్రౌథర్‌గా పెరిగి, 1864లో ఆంగ్లికన్ చర్చిలో తొలి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. 1846లో అబెయొకుటా పట్నంలో కన్నతల్లిని మళ్లీ చూసుకోగలిగాడు.

● ఒకే ఊళ్లో నూటయాభైకి పైగా భాషలు

జర్మన్ మతబోధకుడు కోలె ఆఫ్రికా అంతా తిరగకుండానే నూటయాభైకి పైగా ఆఫ్రికా భాషల మాటలు సేకరించి 1854లో గ్రంథంగా అచ్చువేశాడు. ఆ మాటలు చెప్పినవాళ్లంతా ఫ్రీటౌన్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో దొరికారు. బానిస ఓడలు ఎంతెంత దూరాల మనుషుల్ని ఊడ్చుకొచ్చాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వాళ్ల పిల్లలూ మనవలూ కలిసి మాట్లాడుకుంటూ పెంచిన క్రియో భాష ఇవాళ దేశమంతా నడుస్తోంది.

● సికింద్రాబాద్ దోమ, ఫ్రీటౌన్ కొండ

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లో. రెండేళ్లకు ఆయన బృందం ఫ్రీటౌన్ వెళ్లి, అక్కడి అనాఫిలిస్ దోమలే జ్వరాన్ని మోస్తున్నాయని తేల్చింది. ఆ విజ్ఞానంతో పాలకులు ఊరి మురుగును బాగు చేయడం కంటే తెల్లవాళ్లను వేరుచేయడానికే మొగ్గారు. 1904 నాటికి కొండమీద హిల్ స్టేషన్ అని బంగళాలు కట్టి, అక్కడికో రైలు వేశారు. పనివాళ్లు తప్ప ఆఫ్రికన్లు అక్కడ కాపురం ఉండకూడదన్నారు. 1902లోనే ఆఫ్రికన్ డాక్టర్లకు ప్రభుత్వ వైద్యసేవలో తలుపులు మూసేశారు. బ్రిటన్‌లో చదివి పట్టాలు తెచ్చుకున్న క్రియో (ఫ్రీటౌన్‌లో స్థిరపడినవాళ్ల సంతతి) డాక్టర్లకు అది పచ్చి అన్యాయం.

● జెండాలో రేవు

1961 ఏప్రిల్ 27న సియెరా లియోన్ స్వతంత్రమైంది. జెండాలో ఆకుపచ్చ, తెలుపు, నీలం పట్టీలుంటాయి. ఆ నీలం ఫ్రీటౌన్ సహజ రేవుకు, ప్రపంచశాంతికి తోడ్పడాలన్న ఆశకు గుర్తు. పట్టుబడ్డ ఓడల్లోంచి సంకెళ్ల మనుషుల్ని దించిన రేవునే ఒక దేశం తన ఆశకు గుర్తుగా ఎంచుకుంది. ఫ్రీటౌన్ చరిత్ర మన పిల్లలకూ చెప్పదగినది.